సెంఘోర్‌ను ఎలా చదవాలి: కవిత్వం, పదవి, మమదూ దియా ఖైదు

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. పశ్చిమాఫ్రికా దేశమైన సెనెగల్ తొలి అధ్యక్షుడు లెయొపోల్డ్ సెదార్ సెంఘోర్ ఇరవై ఏళ్లు దేశాన్ని పాలిస్తూ కవిత్వం ఎలా రాయగలిగారు, కవిగా ఆయనకు దక్కిన పేరు పదవి తెచ్చిపెట్టినదేనా, చిరకాల సహచరుడు మమదూ దియాను పదకొండేళ్లకు పైగా ఖైదులో ఉంచిన మనిషి కవితలను ఎలా చదవాలి అని అడిగారు. ఫ్రెంచి భాషలో వచ్చిన ఆఫ్రికన్ సాహిత్యాన్ని చాలాకాలంగా చదువుతూ, చదివిస్తూ ఉన్నాను కాబట్టి వివరంగానే రాస్తాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. సెంఘోర్‌లో కవిని, పాలకుణ్ణి విడదీసి ఒకరిని మెచ్చుకుని ఇంకొకరిని తప్పుపట్టే పద్ధతి ఆయన విషయంలో పనికిరాదు. అధికారం చేతికొస్తే మనిషిలోని కవి ఏమవుతాడన్న ప్రశ్నను ఆయన అధ్యక్షుడు కావడానికి నాలుగేళ్ల ముందే తన కవితలో తానే వేసుకున్నారు. ఆ కవితను పక్కన పెట్టుకుని చూస్తేనే ఆ జీవితం అర్థమవుతుంది.

సెంఘోర్ 1906 అక్టోబరు 9న, నేటి సెనెగల్ రాజధాని డాకర్‌కు దక్షిణాన సముద్రపు ఒడ్డున ఉన్న జోఆల్ పట్టణంలో పుట్టారు. తండ్రి బజీల్ జోగోయ్ సెంఘోర్ సెరేర్ జాతికి చెందిన సంపన్న వర్తకుడు, వేరుశెనగ వ్యాపారం చేసేవారు. ఇంట్లో భార్యలు, పిల్లలు చాలామంది. సెంఘోర్ పసితనం ఎక్కువగా తల్లి వైపు వారి దగ్గర, జిలోర్ అనే పల్లెలో గడిచింది. అక్కడ పశువులు కాసే మేనమామ వాలీ ఆయనకు మొదటి గురువు. ఆ మేనమామ వీపు మీద తల వాల్చి నిద్రకు జోగిన రాత్రులను, ఆయన చూపించిన చుక్కలను, చీకటిలో వినిపించే సవ్వడులకు ఆయన చెప్పిన అర్థాలను సెంఘోర్ ప్యారిస్‌లో కూర్చుని రాసిన కవితల్లో పేరు పెట్టి పిలిచి మరీ తలుచుకుంటారు. ఏడెనిమిదేళ్ల వయసులో తండ్రి ఆయనను న్గజోబిల్‌లోని క్రైస్తవ మిషన్ బడికి పంపించారు. ఫ్రెంచి భాష నేర్చుకున్నది అక్కడే.

ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి, ఎందుకంటే తర్వాతి రాజకీయమంతా దీని మీదే నిలబడింది. నాటి సెనెగల్‌లో సెయింట్ లూయీ, డాకర్, గోరే, రూఫిస్క్ అనే నాలుగు పట్టణాలలో పుట్టినవారికి మాత్రమే ఫ్రెంచి పౌరుల హక్కులు ఉండేవి. మిగిలిన దేశమంతా పాలితులే. వారికి ఓటు లేదు, వెట్టి చాకిరీ ఉంది, అధికారి తలుచుకుంటే విచారణ లేకుండా శిక్ష వేయవచ్చు. జోఆల్ ఆ నాలుగు పట్టణాల్లో లేదు. అంటే తండ్రి ఎంత కలిగినవాడైనా, కొడుకు ఎంత చదువుకున్నా, చట్టం దృష్టిలో సెంఘోర్ పాలితుడుగానే పుట్టారు. 1930ల తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో పౌరసత్వం తీసుకునేదాకా ఆయన పరిస్థితి అదే.

క్రైస్తవ పూజారి కావాలని, ఆ శిక్షణ ఇచ్చే డాకర్ సెమినరీలో చేరారు. అక్కడి అధిపతి ఫాదర్ లలూజ్, ఆఫ్రికావారికి తమదంటూ నాగరికత లేదని అనేవారు. జిలోర్‌లో పెద్దల మర్యాదలు, పాటలు, పొలం పనులు చూసి పెరిగిన కుర్రవాడికి ఆ మాట మింగుడు పడలేదు, ఎదురు చెప్పాడు. చివరకు పూజారిగా పనికిరావని చెప్పి 1926లో పంపించేశారు. ఆయన ఎంతో బాధపడ్డారు గాని, తనకు నాగరికత లేదన్న ఆ మాటకు జవాబు చెప్పడమే తన జీవితకాలపు పని అయిందని తర్వాతి రోజుల్లో చెప్పుకునేవారు. డాకర్‌లోనే చదువు ముగించి, ఉపకార వేతనంతో 1928లో ప్యారిస్ చేరారు. అక్కడ లూయీ ల గ్రాన్ విద్యాలయంలో ఆయన సహాధ్యాయి, తర్వాతి కాలంలో ఫ్రాన్స్ అధ్యక్షుడైన జార్జ్ పాంపిడూ. 1931లో మార్టినిక్ ద్వీపం నుంచి వచ్చిన ఎమె సెజేర్ పరిచయమయ్యారు. ఫ్రెంచి గయానాకు చెందిన లెయోన్ దమాస్ వారికి మూడోవాడు. ఈ ముగ్గురి మాటల్లోంచి, చిన్న పత్రికల్లోంచి పుట్టినదే నెగ్రిట్యూడ్ ఉద్యమం. నల్లజాతివాడు తన జాతిని, దాని విలువలను సిగ్గుపడకుండా తనవని చెప్పుకోవడం దాని సారాంశం. మాటను పుట్టించినది సెజేర్, దానికి సిద్ధాంత రూపం ఇవ్వడానికి జీవితాంతం శ్రమించినది సెంఘోర్.

1935లో ఆయన ఫ్రెంచి వ్యాకరణంలో అగ్రెగాసియోన్ పరీక్ష నెగ్గారు. ఫ్రాన్స్‌లో బోధనావృత్తికి సంబంధించి అత్యంత కఠినమైన ఆ పరీక్షలో నెగ్గిన తొలి ఆఫ్రికా వాసి ఆయనే. తూర్ నగరంలోనూ, తర్వాత ప్యారిస్ శివార్లలోని సేన్ మోర్‌లోనూ ఫ్రెంచి పిల్లలకు గ్రీకు, లాటిన్, ఫ్రెంచి బోధించారు. మీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. 1945లో వెలువడిన తొలి సంపుటి 'షాన్ దోంబ్ర'లోని కవితలు చాలావరకు ఈ ఉపాధ్యాయుడి రోజులవే. పదవి ఊహలో కూడా లేని కాలంలో, చలిదేశపు అద్దె గదిలో, ఇంటి మీద బెంగతో రాసినవి. 'జోఆల్' అనే చిన్న కవిత నిండా 'నాకు జ్ఞాపకం' అన్న మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. వరండాల పచ్చని నీడల్లో నిలబడ్డ స్త్రీలు, అంతిమయాత్ర విందులు, చర్చిలో పాటలు, కుస్తీ గోదాలో యువతుల పాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, చివరకు ఎక్కడో ఏడుస్తున్న అనాథ జాజ్ సంగీతంతో కవిత ముగుస్తుంది. ఆ పేరును ఏ పదవీ సంపాదించి పెట్టలేదు.

యుద్ధం ఆయన కవిత్వాన్ని మార్చింది. 1939లో సాధారణ సైనికుడిగా చేరి, 1940 జూన్ 20న లా షారితే సుర్ లువార్ దగ్గర జర్మన్లకు పట్టుబడ్డారు. పట్టుబడిన నల్ల సైనికులను గోడకు చేర్చి కాల్చడానికి సిద్ధం చేశారని, ఒక ఫ్రెంచి అధికారి అడ్డుపడితే ప్రాణాలు దక్కాయని ఆయన తర్వాత చెప్పారు. దాదాపు రెండేళ్లు యుద్ధఖైదీల శిబిరాల్లో గడిపి, అనారోగ్యం కారణంగా 1942లో విడుదలయ్యారు. శిబిరంలో పల్లెల నుంచి వచ్చిన చదువులేని సెనెగల్ సైనికుల మధ్య గడపడం ఆయనకు కొత్త అనుభవం. వారి కథలు, పాటలు వింటూ, మరోవైపు జర్మన్ కవి గెటేను జర్మన్‌లో చదువుతూ, 1948లో 'ఓస్తీ న్వార్' పేరుతో వచ్చిన రెండో సంపుటి కవితలు రాశారు. అందులో ముందుమాటగా ఉన్న కవిత 1940 ఏప్రిల్ నాటిది, దమాస్‌కు అంకితం. నాటి ఫ్రాన్స్ గోడల మీద బనానియా అనే కోకో పొడి ప్రకటనలు ఉండేవి. ఎర్ర టోపీ పెట్టుకున్న నల్ల సైనికుడు పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ ఆ పొడిని మెచ్చుకుంటాడు. ఆ బనానియా నవ్వులను ఫ్రాన్స్ గోడలన్నింటి మీద నుంచీ చింపేస్తానని సెంఘోర్ ఆ కవితలో అంటారు. మృదువుగా మాట్లాడే వ్యాకరణ పండితుడని ఆయనను తేలిగ్గా తీసుకునేవారికి నేను మొదట చూపించేది ఈ పంక్తినే.

అదే సంపుటిలో థియారోయ్ మీద కవిత ఉంది. 1944 డిసెంబరు 1న డాకర్ దగ్గర థియారోయ్ శిబిరంలో, జర్మన్ చెరనుంచి తిరిగివచ్చి తమకు రావలసిన బకాయి జీతాలు అడిగిన ఆఫ్రికన్ సైనికుల మీద ఫ్రెంచి సైన్యం కాల్పులు జరిపింది. 35 మంది చనిపోయారని నాటి అధికారిక లెక్క. చరిత్రకారులు అంతకన్నా చాలా ఎక్కువని వాదిస్తారు. అది ఊచకోత అని ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒప్పుకోవడానికి 2024 దాకా పట్టింది. సెంఘోర్ మాత్రం అదే నెలలో కవిత రాశారు. అయితే మరుసటి నెల, 1945 జనవరిలో, 'శాంతి ప్రార్థన' కూడా రాశారు. అందులో యూరప్ చేసిన పాపాలను, బానిసల ఓడలను, కాల్చిన అడవులను, తన ప్రజలను కూలి జనంగా మార్చిన ఫ్రాన్స్‌ను పేరుపేరునా ఎత్తిచూపుతూనే, వారిని క్షమించమని దేవుణ్ణి వేడుకుంటారు. దాన్ని పాంపిడూ దంపతులకు అంకితమిచ్చారు. నెల తేడాతో ఒకే మనిషి రాసిన ఈ రెండు కవితలనూ కలిపి చదవనివారు సెంఘోర్‌ను ఫ్రాన్స్ భక్తుడని గాని, జాతి యోధుడని గాని ఒక్క మాటలో తేల్చేస్తారు. రెండూ నిజమే. ఆ రెండింటినీ కలిపి మోయడమే ఆయన రాజకీయం కూడా.

రాజకీయాల్లోకి ఆయన వచ్చిన తీరు కూడా కవిత్వంతో ముడిపడినదే. 1945లో సెరేర్ మౌఖిక కవిత్వాన్ని సేకరించడానికి పరిశోధన నిధితో ఆయన సెనెగల్ వచ్చారు. జోఆల్ ప్రాంతంలో మల్లయోధుల కోసం పాటలు కట్టే మరోన్ వంటి పల్లె కవయిత్రుల పాటలు రాసుకునే పనిలో ఉండగా, నాటి ప్రముఖ నాయకుడు లమీన్ గేయ్ ఆయనను ఎన్నికల్లో నిలబడమని అడిగారు. ఫ్రెంచి రాజ్యాంగ సభకు సెనెగల్ నుంచి ఇద్దరు ప్రతినిధులు. పౌరుల తరఫున లమీన్ గేయ్, పౌరసత్వం లేని పల్లె జనం తరఫున సెంఘోర్ నెగ్గారు. పాలితుడిగా పుట్టినవాడు పాలితుల ప్రతినిధిగా ప్యారిస్ వెళ్లారన్నమాట. 1946 రాజ్యాంగం ముసాయిదాను భాషాపరంగా సరిదిద్దే పని ఈ వ్యాకరణ ఉపాధ్యాయుడికి అప్పగించారు.

1948లో లమీన్ గేయ్ పక్షాన్ని, ఫ్రెంచి సోషలిస్టు పార్టీని వదిలి, మమదూ దియాతో కలిసి సొంత పార్టీ పెట్టారు. దియా ముస్లిం, పల్లెబడి ఉపాధ్యాయుడు, ఆర్థిక విషయాల్లో లోతైన అవగాహన ఉన్నవాడు. నలుగురిలో కలవడం, పార్టీని కట్టడం దియా పని. మాట, దృష్టి, ప్యారిస్‌లో పలుకుబడి సెంఘోర్‌వి. పట్టణాల్లోని చదువుకున్నవారిని లమీన్ గేయ్‌కు వదిలేసి, వీరిద్దరూ వేరుశెనగ పండించే పల్లెలకు వెళ్లారు. జనాభాలో అత్యధికులు ముస్లింలైన దేశంలో కాథలిక్కు అయిన సెంఘోర్ గెలవాలంటే మరాబూలనే మతగురువుల మద్దతు తప్పదు. వారిని ఆయన స్వయంగా కలిసి ఒప్పించారు. ముఖ్యంగా మురీద్ గురుపరంపరకు చెందిన పెద్దలు చివరిదాకా ఆయన వెన్నంటి ఉన్నారు. డాకర్–నైజర్ రైల్వే కార్మికుల 1947–48 నాటి సుదీర్ఘ సమ్మెకు నాయకత్వం వహించిన ఇబ్రహీమా సార్ కూడా ఈ పక్షానే చేరారు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1951 ఎన్నికల్లో సెనెగల్‌కున్న రెండు స్థానాలూ ఈ కొత్త పార్టీకే దక్కాయి.

ఇదంతా జరుగుతుండగానే 1956లో 'ఎతియోపిక్' సంపుటి వచ్చింది. అందులోనే నేను మొదట ప్రస్తావించిన కవిత ఉంది, పేరు 'చాకా'. దక్షిణాఫ్రికాలోని జులూ రాజు చాకా ప్రాణం పోతున్న సమయంలో ఒక తెల్ల గొంతు ఆయనను నిలదీస్తుంది. నీ జనాన్ని చంపావు, నీ ప్రియురాలు నోలివేను కూడా చంపావు అంటుంది. చాకా కాదనడు. తెల్లవారు గజకొలతలతో, దిక్సూచులతో వచ్చి నేలను పంచుకోవడం చూశానని, తన జనం కోసమే కర్కశుడిని అయ్యానని చెబుతాడు. రాజకీయుడివయ్యావు అని ఆ గొంతు అంటే, అవును, నాలోని కవిని చంపుకున్నాను, కేవలం పనిచేసే మనిషిగా, ఒంటరిగా, ఇతరులకన్నా ముందే చచ్చినవాడిగా మిగిలాను అంటాడు. అంతగా ప్రేమించకపోతే చంపేవాడిని కాదు అని కూడా అంటాడు. ఆ తర్వాత రెండో భాగంలో రాజ్యం పక్కకు తప్పుకుని, నోలివే కోసం పాడే కవి మళ్లీ లేస్తాడు. ఈ కవిత రాసేనాటికి సెంఘోర్ ఫ్రాన్స్ ప్రభుత్వంలో సహాయమంత్రి పదవి చూసినవారు, స్వదేశంలో తిరుగులేని నాయకుడు. చారిత్రక పాత్ర ముసుగులో తన భయాన్ని ఆయన ముందుగానే రాసుకున్నారని నేను నమ్ముతాను.

స్వాతంత్ర్యం నాటి ఘట్టాలను త్వరగా చెబుతాను. ఫ్రెంచి పశ్చిమ ఆఫ్రికా చిన్న చిన్న ముక్కలుగా విడిపోతే ఏ ముక్కా నిలబడదని సెంఘోర్ గట్టిగా వాదించారు. ఆ వాదన ఓడిపోయింది. మిగిలినంతలో సెనెగల్, నాటి ఫ్రెంచి సూడాన్ (నేటి మాలి) కలిసి మాలి సమాఖ్యగా ఏర్పడి 1960 జూన్ 20న స్వతంత్రమయ్యాయి. రెండు నెలలకే, ఆగస్టు 20న, అదీ విరిగిపోయింది. సూడాన్ నాయకుడు మొదిబో కెయితాను డాకర్ నుంచి రైల్లో సూడాన్ రాజధాని బమాకోకు పంపించేశారు. సెప్టెంబరు 5న సెంఘోర్ సెనెగల్ అధ్యక్షుడయ్యారు, దియా ప్రధానమంత్రి. జాతీయగీతం సాహిత్యం సెంఘోర్‌దే. అది కోరాలనే తీగల వాద్యాలు మీటండి, బలఫోన్లనే చెక్కపలకల వాద్యాలు మోగించండి అంటూ మొదలవుతుంది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న దగ్గరకు వస్తున్నాను. దేశ ఆదాయం దాదాపుగా వేరుశెనగ మీదే ఆధారపడి ఉండేది. రైతుకూ మిల్లుకూ మధ్య ఉన్న వర్తకులు, అప్పులిచ్చేవారు, పలుకుబడిగల మతగురువులు ఆ ఆదాయంలో పెద్దవాటా తీసుకునేవారు. దియా సహకార సంఘాల ద్వారా, పల్లెల్లో చైతన్య కార్యక్రమాల ద్వారా ఆ మధ్యవర్తులను తొలగించాలని పట్టుబట్టారు. 1962 నాటికి వర్తకులు, మరాబూలు, వారి మాట వినే శాసనసభ్యులు ఆయనకు ఎదురుతిరిగారు. డిసెంబరులో అవిశ్వాస తీర్మానం వచ్చింది. తీర్మానానికి ముందు పార్టీ నిర్ణయం కావాలన్నది దియా వాదన. ఆయన ఆదేశంతో సాయుధ పోలీసులు సభాభవనాన్ని ఖాళీ చేయించారు. శాసనసభ్యులు డిసెంబరు 17న సభాపతి లమీన్ గేయ్ ఇంట్లో సమావేశమై తీర్మానం నెగ్గించారు. సైన్యం అధ్యక్షుడి పక్షాన నిలిచింది. మర్నాడు దియాను, ఆయనతోపాటు నలుగురు మంత్రులను అరెస్టు చేశారు. వారిలో రైల్వే సమ్మె నాయకుడు ఇబ్రహీమా సార్ ఒకరు. 1958లో డాకర్ వచ్చిన ఫ్రాన్స్ నాయకుడు ద గోల్ ముందు సెనెగల్ తరఫున స్వాతంత్ర్యం గురించి గట్టిగా మాట్లాడిన వల్దియోద్యో న్జాయ్ ఇంకొకరు. 1963 మేలో ప్రత్యేక న్యాయస్థానం కుట్ర నేరం కింద దియాకు యావజ్జీవ శిక్ష వేసింది. ఆయనను డాకర్‌కు ఎంతో దూరాన, ఆగ్నేయ మూలన ఉన్న కెదుగూ అనే చోట నిర్బంధించారు. 1974 మార్చి దాకా విడుదల చేయలేదు.

దియా నిజంగా కుట్ర చేశారా అన్న చర్చ సెనెగల్‌లో నేటికీ సాగుతోంది. ప్రధానమంత్రి హోదాలో పోలీసులను వాడిన తీరు తప్పేనని అనుకున్నా, దానికి యావజ్జీవ శిక్షగాని, మారుమూల ఒంటరి గదిలో అన్నేళ్ల నిర్బంధంగాని ఏ కొలతతోనూ సరితూగవు. క్షమాపణ గురించి 1945లో అంత గొప్ప కవిత రాసిన మనిషి, ఫ్రాన్స్‌కు ప్రసాదించిన క్షమను తన పార్టీని తనతో కలిసి నిర్మించిన సహచరుడికి ప్రసాదించడానికి పదకొండేళ్లకు పైగా తీసుకున్నారు. ఆయన కవిత్వం మీద నాకెంత అభిమానమున్నా ఈ సంగతిని తేలిక చేసి చెప్పలేను. కొందరు అభిమానులు పొరుగు దేశాల నియంతలతో పోల్చి, సెంఘోర్ ఎవరినీ చంపించలేదు కదా అంటారు. అది కూడా పూర్తిగా నిలిచే మాట కాదు. 1967లో డాకర్ పెద్ద మసీదు దగ్గర తన మీద హత్యాయత్నం చేసిన ముస్తఫా లోకు విధించిన మరణశిక్షను ఆయన ఆపలేదు. 1968లో విద్యార్థుల, కార్మికుల తిరుగుబాటును సైన్యంతో అణిచారు. 1973లో ఒమర్ బ్లోందాన్ జోప్ అనే యువ తిరుగుబాటుదారుడు గోరే ద్వీపం జైల్లో మరణించాడు. ప్రభుత్వం ఆత్మహత్య అంది, కుటుంబం ఒప్పుకోలేదు.

సంస్కృతి విషయంలో మాత్రం ఆయన చేసినది చిన్నది కాదు. 1966 ఏప్రిల్‌లో డాకర్‌లో జరిగిన తొలి ప్రపంచ నల్లజాతి కళల ఉత్సవానికి అమెరికా జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్, అమెరికా కవి లాంగ్‌స్టన్ హ్యూస్, సెజేర్ వంటివారు వచ్చారు. చిత్రకళకు, నాటకానికి ప్రభుత్వ సొమ్ము ధారాళంగా ఇచ్చారు. థియేస్‌లో స్థాపించిన నేత శాలలో సెనెగల్ చిత్రకారుల బొమ్మలను పెద్ద పెద్ద గోడ తివాచీలుగా నేసేవారు. అయితే వ్యాకరణ పండితుడు దేశాధినేత అయితే ఏమవుతుందో చూపే ఒక ఉదంతం చెప్పాలి. సెనెగల్‌లో ఎక్కువమంది మాట్లాడే వొలోఫ్ భాష మాటలను ఏ అక్షరాలతో రాయాలో ఆయన ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. చరిత్రకారుడు షేఖ్ అంతా జోప్ తన ప్రతిపక్ష పత్రిక పేరులో 'గ' అక్షరాన్ని ద్విత్వంగా రాశారని పత్రికను ఆపించారు. చిత్ర దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ తన 'సెద్దో' చిత్రం పేరులో 'ద'కారాన్ని ద్విత్వంగానే ఉంచుతానని పట్టుబట్టడంతో ఆ చిత్రం సెంఘోర్ పదవిలో ఉన్నంతకాలం స్వదేశంలో ఆడలేదు. ఇస్లాం రాకను విమర్శనాత్మకంగా చూపిన చిత్రం కావడం అసలు కారణమని చాలామంది భావించారు. నేను మాత్రం అక్షరం మీద ఆయన పట్టుదల కూడా నిజమైనదేనని అనుకుంటాను. భాష మీద ప్రేమ అధికారంతో కలిసినప్పుడు ఎదుటివాడి నోరు మూయించగలదని ఆ రెండు నిషేధాలు చూపిస్తాయి.

ఇంత పనిలో కవిత్వం ఎలా రాశారన్న మీ మొదటి ప్రశ్నకు జవాబు ప్రచురణ సంవత్సరాల్లోనే కొంత దొరుకుతుంది. ఏటా వేసవిలో కొన్ని వారాలు రెండో భార్య కొలెత్ స్వస్థలమైన నార్మండీలోని వెర్సోన్‌లో గడిపేవారు, కవిత్వం ఎక్కువగా అక్కడే సాగేది. అయినా 'నొక్త్యూర్న్' 1961లో వచ్చాక, 1969లో అచ్చయిన ఒక దీర్ఘ ఎలిజీని (శోకగీతాన్ని) మినహాయిస్తే, కొత్త సంపుటి కోసం 1973 దాకా ఆగవలసి వచ్చింది. పన్నెండేళ్ల ఆ విరామం దియా ఖైదు కాలంతో దాదాపు సరిపోతుంది. ఒకదానికి ఇంకొకటి కారణమని నేను నిరూపించలేను గాని, తనలోని కవి మౌనానికి చాకా పాత్ర ద్వారా తానే ముందుగా పేరు పెట్టిన మనిషి విషయంలో ఆ సంవత్సరాలను చూసీ చూడనట్లు పోలేను. 1973 నాటి సంపుటి భార్యకు రాసిన ప్రేమలేఖల వంటి కవితలు, 1979 నాటి 'ఎలెజీ మజ్యోర్' మృతుల కోసం రాసిన దీర్ఘ కవితలు. అందులో పాంపిడూ మీద, మార్టిన్ లూథర్ కింగ్ మీద రాసినవి ఉన్నాయి. సెనెగల్ జాతీయ దినం ఏప్రిల్ 4, 1968లో కింగ్ హత్య జరిగినదీ అదే తేదీన.

నెగ్రిట్యూడ్ మీద వచ్చిన విమర్శలు కూడా మీకు తెలిసి ఉండాలి. భావోద్వేగం నల్లజాతిది, హేతువు గ్రీకులది అని 1939లో ఒక వ్యాసంలో సెంఘోర్ రాసిన వాక్యం ఆయనను జీవితాంతం వెంటాడింది. తెల్లవారు వేసిన విభజననే మనవాడు ఒప్పుకున్నాడని ఆఫ్రికన్ యువ రచయితలు మండిపడ్డారు. పులి తన పులితనాన్ని చాటుకోదని నైజీరియా రచయిత వోలె షోయింకా అన్న మాట ప్రసిద్ధం. ఆ వాక్యాన్ని సమర్థించడం నాకు సాధ్యం కాదు. కానీ కవితల్లో ఆ విభజన నిలబడదు. ఖైదీగా, సైనికుడిగా, బిడ్డను పోగొట్టుకున్న తండ్రిగా మాట్లాడేటప్పుడు ఆయన ఆలోచన, ఆవేదన రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి.

మన వైపు ఒక చిన్న సంబంధం ఉంది. ద్రావిడ భాషలకు, ఆఫ్రికా భాషలకు పురాతన బంధుత్వం ఉండవచ్చునన్న ఆలోచన సెంఘోర్‌ను ఎంతో ఆకర్షించింది. 1974లో మద్రాసులో నెగ్రిట్యూడ్, ద్రావిడ సంస్కృతుల గురించి ఆయన ప్రసంగించారు. డాకర్‌లో ఈ విషయం మీద పరిశోధన చేయించారు. తుళు నిఘంటువుతో పేరుపొందిన ఉపాధ్యాయ దంపతులు అక్కడ పనిచేసినది ఆ సందర్భంలోనే. భాషాశాస్త్రజ్ఞులు ఆ బంధుత్వాన్ని అంగీకరించలేదు. మన దేశం 1982 సంవత్సరానికి ఆయనకు నెహ్రూ పురస్కారం ప్రకటించింది.

1970ల మధ్యలో ఆయన మళ్లీ పరిమితంగా పార్టీలను అనుమతించారు. ప్రతిపక్ష నాయకుడు అబ్దులాయె వాద్ పార్టీ 1974లో పుట్టింది, 1976లో మూడు పార్టీల విధానం వచ్చింది. 1980 డిసెంబరు 31న సెంఘోర్ తనంతట తానే రాజీనామా చేసి, ప్రధానమంత్రి అబ్దూ జూఫ్‌కు పదవి అప్పగించారు. స్వాతంత్ర్యం తెచ్చిన తరం ఆఫ్రికా నాయకులలో ఇలా కుర్చీ దిగినవారు చాలా అరుదు. దాని విలువ నేను తక్కువ చేయను. అయితే ఎన్నిక ద్వారా కాకుండా తాను ఎంచుకున్న ప్రధానమంత్రి చేతికే అధికారం వెళ్లేలా రాజ్యాంగాన్ని ముందే సవరించుకున్న సంగతి కూడా కలిపి చెప్పాలి. ఆర్నెల్లు తిరగకుండానే, 1981లో, చిన్న కొడుకు ఫిలిప్ మగిలెన్ డాకర్‌లో కారు ప్రమాదంలో పోయాడు. ఆ కొడుకు కోసం రాసిన ఎలిజీ ఆయన చివరి గొప్ప కవిత. 1983లో ఫ్రెంచి అకాడెమీకి ఎన్నికైన తొలి ఆఫ్రికా వాసి అయ్యారు. 2001 డిసెంబరు 20న వెర్సోన్‌లో కన్నుమూశారు. డాకర్‌లో జరిగిన అంత్యక్రియలకు ఫ్రాన్స్ అధ్యక్షుడుగాని, ప్రధానిగాని రాలేదు. సిగ్గుగా ఉందని రచయిత ఎరిక్ ఒర్సెన్నా పత్రికలో రాశారు. డాకర్‌లోని బెల్ ఎయిర్ శ్మశానంలో, కొడుకు సమాధి పక్కనే ఆయనను ఖననం చేశారు.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలన్నది మీరు అడగకపోయినా చెబుతాను. ఫ్రెంచి రాకపోతే ఇంగ్లీషు అనువాదాలు దొరుకుతాయి. చాలామంది 'నల్ల స్త్రీ' కవితతో మొదలుపెడతారు, పాఠ్యపుస్తకాల్లో ఉండేది అదే కాబట్టి. అది అందమైన కవితే గాని, స్త్రీని దేశంగా, దేశాన్ని స్త్రీగా మార్చే అలవాటు అందులో ఎక్కువ, కవి అసలు బలం తక్కువ. 'జోఆల్', మేనమామ వాలీని పిలిచే కోరా, బలఫోన్‌ల దీర్ఘ కవిత ముందు చదవండి. పైకి చదవండి. చాలా కవితల తలపై ఏ వాద్యంతో పాడాలో ఆయనే రాశారు, పాట, మాట, సంగీతం ఒకటైతేనే కవిత పూర్తవుతుందని ఆయన గట్టిగా నమ్మారు. ఆ తర్వాత థియారోయ్, 'శాంతి ప్రార్థన' ఒకే రోజు చదవండి. 'చాకా'ను చివరకు ఉంచుకోండి. 1962 నాటి వివరాలు ముందే తెలిసినా, మొదటిసారి చదివేటప్పుడు వాటిని పక్కన పెట్టి, తెల్ల గొంతు వేసే ప్రశ్నలకు చాకా చెప్పే జవాబులు మీకు చాలునో చాలవో మీరే తేల్చుకోండి. రెండోసారి చదివేటప్పుడు కెదుగూలో ఉన్న దియాను ఆ ప్రశ్నలు అడిగేవాడిగా ఊహించుకుని చదవండి. నాకు ఆ రెండో చదువులో చాకా జవాబులు చాలలేదు. కవిత మాత్రం మరింత పెద్దదిగా కనిపించింది.